పాస్‌బుక్కులో ఎనిమిది లక్షలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1977 పదో తరగతి బ్యాచి తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు బ్యాంకాక్‌లో ఉంటున్నావంట గదా, విదేశీ జీవితం మీద ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. విదేశీ జీవితం గురించి నాకు తెలిసింది తక్కువ. అక్కడ మేం చేసేది మనవడికి పాలు పట్టడం, సాయంత్రం పార్కులో నడవడం, ఆదివారం ఉగ్గాని చేసుకోవడం. బొరుగులు కూడా దొరుకుతాయి. కానీ అక్కడ ఉండటానికి ఒక బ్యాంకు ఖాతాలో ఎనిమిది లక్షల బాట్‌లు చూపించడానికి నేను పడిన పాట్లు మాత్రం బాగా తెలుసు. మన బ్యాచీల్లో చాలామంది రిటైరయ్యారు. చాలామంది పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. అందుకని ఆ సంగతే చెబుతాను.

నేను తపాలా శాఖలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాను. ఆదోని, పత్తికొండ, ఎమ్మిగనూరు, కర్నూలు. ఎంతమంది పాస్‌బుక్కుల్లో ఎంట్రీలు వేశానో లెక్కలేదు. "పెద్దయ్యా, ఇంకో పది రూపాయలు ఉంచు, ఖాతా మూతపడుతుంది" అని ఎంతమందికి చెప్పానో! ఇది గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు బ్యాంకాక్‌లో ఉద్యోగాలు చేస్తారు. 2024 చివర్లో మనవడు పుట్టాడు. మా ఇద్దరినీ వచ్చి ఉండమన్నారు. అప్పటికే భారతీయులకు వీసా లేకుండా అరవై రోజులు ఉండే సౌకర్యం థాయిలాండ్ ఇచ్చింది. అరవై రోజులకొకసారి కోసిగికీ బ్యాంకాక్‌కీ తిరగడం అరవై దాటిన మోకాళ్లకు కుదరదు. అల్లుడి ఉద్యోగం మీద ఆధారపడి ఉండే దారి ఒకటుందేమో కనుక్కుందాం అంది అమ్మాయి. నాకు మనసొప్పలేదు. ఆడపిల్ల ఇంట్లో ఏడాదిపాటు ఉండటమే మా అక్కకు నచ్చలేదు. "ఏమప్పా, కూతురింట్లో తిని పండుకుంటావా?" అనింది. దానికి తోడు మా వీసా అల్లుడి ఉద్యోగానికి ముడిపడితే, రేపు ఆ పిల్లవాడు కంపెనీ మారాలన్నా మా మొహాలు చూసి ఆగిపోవాల్సి వస్తుంది. అందుకని నా డబ్బుతో, నా పేరుతో వీసా తెచ్చుకోవాలనుకున్నాను.

యాభై ఏళ్లు నిండినవాళ్లకు థాయిలాండ్‌లో రిటైర్‌మెంట్ కింద ఏడాదికొకసారి పొడిగించుకునే పద్ధతి ఉంది. షరతు డబ్బు. నెలకు 65,000 బాట్‌ల ఆదాయమైనా చూపాలి, లేదా అక్కడి బ్యాంకులో మన పేరు మీద 8,00,000 బాట్‌లైనా ఉండాలి, లేదా రెండూ కలిపి ఆ మొత్తానికి సరిపోవాలి. అప్పట్లో బాటు రెండు రూపాయల యాభై ఆరు పైసలు. 65,000 బాట్‌లంటే మన లక్షా అరవై ఆరు వేలు. నా పింఛను దాంట్లో నాలుగో వంతు కూడా రాదు. మలేషియా సంగతి కూడా విచారించాను. అక్కడ ఉత్తరాంధ్ర నుంచి తోటల పనికి పోయిన తెలుగువాళ్ల వారసులు ఎంతోమంది ఉన్నారు, మాటకు మాట దొరుకుతుంది. కానీ 2024లో మార్చిన నిబంధనల ప్రకారం అక్కడ వెండి తరగతికే లక్షా యాభై వేల డాలర్ల డిపాజిట్. కోటీ పాతిక లక్షల పైమాట. అదీగాక మనవడు ఉండేది బ్యాంకాక్‌లో గదా!

కాబట్టి ఎనిమిది లక్షల బాట్‌లు. మన డబ్బుల్లో ఇరవై లక్షల నలభై ఎనిమిది వేలు.

రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో పదిహేను లక్షలు పోస్టాఫీసులోనే సీనియర్ సిటిజన్ పథకంలో వేసుకున్నాను. 2022 జులైలో వడ్డీ 7.4 శాతం. మూడు నెలలకొకసారి 27,750 రూపాయలు వచ్చేది. మా ఇంటి బియ్యం, మందులు, పెళ్లిళ్ల చదివింపులు అన్నీ ఆ డబ్బే. రెండేళ్లు దాటింది కాబట్టి ఒక శాతం, అంటే పదిహేను వేలు, కోసుకుని మిగతాది చేతికిచ్చారు. ఎన్నోసార్లు నేనే ఇతరులకు ఆ కోత లెక్క వేసి చెప్పినవాణ్ణి. నా లెక్క నేను రాసుకుంటుంటే పెన్ను కదల్లేదు. మిగతా ఆరు లక్షలు పొదుపు ఖాతాలోనివి.

థాయ్ బ్యాంకులో ఆ డబ్బుకు వచ్చే వడ్డీ పేరుకు మాత్రమే. అంటే ఈ వీసాకు నిజమైన ఖరీదు రుసుములు కాదు, ఏడాదికి లక్షా పదకొండు వేల వడ్డీ పోవడం. ఎవరన్నా ఈ దారిలో పోవాలనుకుంటే ముందు ఈ లెక్క వేసుకోండి. డబ్బు మునిగిపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. అక్కడ ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి పది లక్షల బాట్‌ల దాకా డిపాజిట్ బీమా ఉంది. మన దేశంలో అది ఐదు లక్షల రూపాయలు.

ఇక్కడ మా తమ్ముడి సంగతి చెప్పాలి. వాడు కూడా ఈ బడిలోనే చదివాడు. చెప్పడానికి వాడి అనుమతి తీసుకున్నాను. "చెప్పుకో పో" అన్నాడు. దాన్ని అనుమతి కిందే లెక్కగట్టాను.

2025 జనవరిలో వాడు మా ఇంటికొచ్చి మూడు లక్షలు అడిగాడు. పాత బోరు ఎండిపోయింది, కొత్తది వేయాలి, పత్తి మీద చేసిన అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీతో పెరుగుతోంది. నేను "చేతిలో లేదురా" అన్నాను. వీసా కోసం తీసిపెట్టానని చెప్పలేదు. చెబితే అడుగుతాడని భయం. అడిగితే కాదనలేనని ఇంకో భయం. వాడు నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మన ఊరి వాళ్లకు సుగ్గి అంటే చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి దాటాక ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు, పత్తి తీయడానికి ఇంకోవైపు, కట్టడం పనులకు బెంగళూరు. మా కాలంలో పండగ సెలవులు అయిపోయి బడి తెరిస్తే తరగతిలో సగం బెంచీలు ఖాళీ. మా నాయన, అమ్మ పోయేవాళ్లు. మమ్మల్ని జేజి దగ్గర వదిలిపెట్టేవాళ్లు. జేజి ఉండబట్టి నేను పదో తరగతి దాటాను. తమ్ముడు తొమ్మిదిలోనే వాళ్లతో పోయాడు, మళ్లీ బెంచీ ఎక్కలేదు. చేతిలో ఏమీ లేకుండా పోయేవాళ్లను పనికోసం లారీలు పంపి మరీ పిలుచుకుపోతారు. నేను పోయిన సుగ్గిలో చేతినిండా డబ్బు చూపించాలి, పని మాత్రం చేయకూడదు. అక్కడ రిటైర్‌మెంట్ మీద ఉండేవాడు కూలి పని కాదు గదా, ఏ ఉద్యోగమూ చేయరాదు. మనవణ్ణి ఎత్తుకోవడం ఉద్యోగం కాదని మా అమ్మాయి ధైర్యం చెప్పింది.

మరి డబ్బు పంపడం ఎలా? రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. అది మనకు అడ్డమే కాదు. అడ్డం టీసీఎస్. అప్పట్లో ఏడాదికి ఏడు లక్షలు దాటి పంపిన మొత్తం మీద ఇరవై శాతం బ్యాంకే ముందుగా పట్టుకునేది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు పది లక్షలు. ఇది పోయే డబ్బు కాదు, రిటర్ను వేస్తే పన్నులో సర్దుతారు, లేదా తిరిగిస్తారు. కానీ ముందు చేతిలోంచి పోవాలి గదా! మొత్తం మార్చిలో పంపితే 2,69,600. అంత డబ్బు నా దగ్గర లేదు. అందుకని మార్చిలో ఏడు లక్షలు, ఏప్రిల్‌లో మిగతా పదమూడు లక్షల నలభై ఎనిమిది వేలు. అప్పుడు పట్టుకునేది 69,600 మాత్రమే. మా ఆవిడ పేర కొంత నా ఖాతాకే పంపుదామంటే, ఒక రెసిడెంటు ఇంకో రెసిడెంటు విదేశీ ఖాతాకు అలా ఇవ్వకూడదని బ్యాంకులో చెప్పారు.

ఆవిడకు వేరే ఎనిమిది లక్షలు అక్కర్లేదు. నా డిపాజిట్ మీదే భార్యగా ఆమెకు వస్తుంది. కాకపోతే పెళ్లి సర్టిఫికెట్ కావాలి. 1988లో మా ఇంటి ముందర పందిట్లో జరిగిన పెళ్లికి సర్టిఫికెట్ ఎక్కడిది? ముప్పై ఆరేళ్ల తరువాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నిలబడి పెళ్లి రిజిస్టరు చేయించుకున్నాం. పక్కన కొత్త జంటలు దండలతో, మేము బీపీ మాత్రల సంచీతో. తరువాత దాని మీద విదేశాంగ శాఖ ముద్ర, రాయబార కార్యాలయం ముద్ర.

2025 మార్చి 1న బ్యాంకాక్‌లో దిగాం. పాస్‌పోర్టులో ఏప్రిల్ 29 దాకా ముద్ర కొట్టారు. ఆ అరవై రోజుల్లోనే ఖాతా తెరిచి, డబ్బు తెప్పించి, తొంభై రోజుల వీసాకు మార్పించుకోవాలి. ఆ తొంభై రోజుల ఆఖర్లో ఏడాది పొడిగింపు. మార్పు కోసం దరఖాస్తు ఇచ్చేనాటికి ముద్రలో కనీసం పదిహేను రోజులు మిగిలి ఉండాలి.

ఖాతా తెరవడానికి పోతే బ్యాంకులో "దీర్ఘకాల వీసా ఉందా?" అన్నారు. వీసా ఆఫీసులో "బ్యాంకు పాస్‌బుక్కు ఉందా?" అన్నారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లవదు అన్న సామెత అక్కడ ఎవరికి చెప్పాలి? నాలుగో శాఖలో ఒప్పుకున్నారు. మార్చి 20కి పాస్‌బుక్కు చేతికొచ్చింది. ఆ దేశంలో బౌద్ధ శకం. మనం 2025 అంటే వాళ్లు 2568 అంటారు. ఐదు వందల నలభై మూడేళ్లు తీసేసుకోవాలి.

మార్చి 25న మొదటి ఏడు లక్షలు ఆన్‌లైన్‌లో పంపడానికి కూర్చున్నాను. ఓటీపీ వచ్చేది నా పాత ఇండియా నంబరుకు. రోమింగు ఖర్చు ఎందుకని ఆ చిన్న ఫోన్ తమ్ముడికి ఇచ్చి వచ్చాను. "పింఛను మెసేజీలు వస్తే చెప్పు" అని. పోస్టాఫీసులో కూర్చుని ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఊరంతటికీ చెప్పినవాణ్ణి నేనే.

ఫోన్ చేశాను. చేనులో ఉన్నాడు. సిగ్నలు కోసం గట్టెక్కాడు. "వచ్చిందిరా?" అన్నాను. "వచ్చింది" అన్నాడు. చదవమన్నాను. వాడికి తొమ్మిదో తరగతి ఇంగ్లీషు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదటినుంచీ చదివాడు. ఓటీపీ అంకెల కంటే ముందు ఆ మెసేజీలో మొత్తం రాసి ఉంటుందన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

"ఏడు... లచ్చలు" అని చదివాడు. ఆగాడు. నేనూ మాట్లాడలేదు. తరువాత ఆరు అంకెలూ ఒక్కొక్కటిగా చెప్పి, "సరిగా పడిందా?" అన్నాడు. పడింది అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మూడు రోజుల తరువాత, మార్చి 28 మధ్యాహ్నం, మయన్మార్ భూకంపం బ్యాంకాక్ దాకా ఊపింది. మేముండేది పద్నాలుగో అంతస్తు. మనవణ్ణి గుండెకు కట్టుకుని మెట్లు దిగుతున్నాం. ఊరిలో ఒకచోట కడుతున్న పెద్ద భవనమే కూలిందని తరువాత తెలిసింది. కింద రోడ్డు మీదికి వచ్చాక మా ఆవిడ మొదటగా అడిగిన మాట, "పాస్‌బుక్కు తెచ్చినావా?" తెచ్చాను. చెప్పులు తేలేదు.

ఏప్రిల్ 3న రెండో విడత. మళ్లీ తమ్ముడికే ఫోన్. ఈసారి పదమూడు లక్షల నలభై ఎనిమిది వేలు. ఈసారి వాడు మొత్తం చదవలేదు, సరాసరి అంకెల దగ్గరికి వెళ్లాడు. అది నాకు ఇంకా కష్టంగా తోచింది.

ఇప్పుడు నా తెలివి వినండి. టీసీఎస్ పక్కన పెట్టేసరికి చేతిలో వెసులుబాటు లేదు. అందుకని సరిగ్గా ఎనిమిది లక్షల బాట్‌లకు లెక్కగట్టి పంపాను. ఏప్రిల్ 7 సోమవారం అక్కడ సెలవు. 8న పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించి చూస్తే 7,97,340. దారిలో మధ్య బ్యాంకు ఒకటి తన చార్జీ తీసుకుంది, ఇక్కడి బ్యాంకు తనది తీసుకుంది, రెండు విడతలకు రెండుసార్లు. 2,660 బాట్‌లు తక్కువ. అంటే ఏడు వేల రూపాయలకు కాస్త తక్కువ. "ఇంకో పది రూపాయలు ఉంచు పెద్దయ్యా" అని చెప్పినవాడు చేసిన పని ఇది.

అమ్మాయి "నేను వేస్తాను నాన్నా, ఐదు నిమిషాలు" అంది. కానీ మార్పు దరఖాస్తులో ఆ డబ్బు విదేశం నుంచి వచ్చిందని బ్యాంకు కాగితం చూపాలి. ఊళ్లో వేసిన డబ్బు అందులోకి రాదు. ఏప్రిల్ 13 నుంచి సాంగ్‌క్రాన్, అంటే మన సంక్రాంతి మాటే, వాళ్ల కొత్త సంవత్సరం. 16 దాకా ఆఫీసులుండవు. 17కి నా ముద్రలో మిగిలేది పన్నెండు రోజులు. అంటే 11 శుక్రవారం లోపల దరఖాస్తు పడాలి. ముప్పై రోజుల పొడిగింపు అడిగి చూసే దారి ఒకటుంది, ఇద్దరికీ విడివిడిగా 1,900 బాట్‌లు. ఇస్తారో లేదో, ఇస్తే మార్పుకు ఒప్పుకుంటారో లేదో. లేకపోతే పసివాణ్ణి వదిలి విమానం ఎక్కాల్సిందే.

ఆ సాయంత్రమే పింఛను డబ్బులోంచి ఇరవై ఐదు వేలు పంపడానికి కూర్చున్నాను. తమ్ముడికి చేస్తే ఫోన్ ఎత్తడు. ఓటీపీకి గడువు నిమిషాలే. రెండుసార్లు గడువు దాటింది. మూడోసారి చేస్తే బ్యాంకు రేపు రమ్మంటుందేమోనని భయం. నాకు అనిపించింది, వాడు కావాలనే ఎత్తడం లేదని. ఎత్తకపోయినా నేను అనడానికి ఏముంది?

రాత్రి ఎనిమిదిన్నరకు వాడే చేశాడు. అప్పు వాడి దగ్గరికి పోయి వచ్చాడట, ఫోన్ ఇంట్లో మర్చిపోయాడట. "అన్నా, నీ ఫోన్లో శానా మెసేజీలు వచ్చినాయి. ఏమన్నా అక్కరనా?" అన్నాడు. కొత్తగా తెప్పించాను, చదివాడు. ఈసారి మొత్తం కూడా చదివాడు. "ఇరవై ఐదు వేలేనా? తక్కువ పడినాదా?" అన్నాడు. అప్పుడు చెప్పాను, అంతా. ఎందుకు పంపుతున్నానో, అది తీయడానికి వీల్లేదనీ, మూడు నెలలు ఎందుకు దాచానో కూడా. వాడు విని, "ముందే చెప్పింటే నేను అడిగేవాణ్నే కాదు గదా" అన్నాడు.

10న డబ్బు పడింది. 11న బ్యాంకు ఉత్తరం, పాస్‌బుక్కు నకళ్లు, విదేశం నుంచి వచ్చినట్టు కాగితం పట్టుకుని తెల్లారుజామునే చేంగ్ వత్తనాలో ఇమిగ్రేషన్ ఆఫీసు ముందు వరుసలో నిలబడ్డాను. మధ్యాహ్నానికి తీసుకున్నారు. నాది తేలాక ఆవిడది తేలింది. జులైలో ఏడాది పొడిగింపు కూడా అయింది. మిగతాది మామూలు పనే: తొంభై రోజులకొకసారి ఉన్న చోటు తెలపాలి, దేశం దాటి వచ్చేటప్పుడు ముందుగా రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, లేకపోతే పొడిగింపు రద్దవుతుంది. ఈ సభకు రావడానికి నేనూ తీసుకునే వచ్చాను.

డిపాజిట్ నియమం మాత్రం విడమర్చి చెబుతాను, చాలామంది దీంట్లోనే దెబ్బతింటారు. 2019 మార్చి నుంచి ఉన్న నియమం. పొడిగింపు దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచి ఎనిమిది లక్షలు ఉండాలి. మంజూరయ్యాక మూడు నెలలు కదలకూడదు. ఆ తరువాత నాలుగు లక్షల దాకా తీసుకోవచ్చు, ఒక్క బాటు కూడా అంతకంటే కిందికి దిగకూడదు. మళ్లీ వచ్చే ఏడాది దరఖాస్తుకు రెండు నెలల ముందు ఎనిమిది లక్షలు నిండాలి. పంపేటప్పుడు కనీసం పది పదిహేను వేల బాట్‌లు ఎక్కువ పంపండి. పత్తి తూకంలో కోత ఉన్నట్టే దారిలో కోత ఉంటుంది. విదేశంలో ఖాతా ఉన్న రెసిడెంటుకు ఐటీఆర్-1 పనికిరాదు, వేరే ఫారంలో ఆ ఖాతా చూపాలి. నా టీసీఎస్ డబ్బు ఇంకా రాలేదు, ఈ జులైలో రిటర్ను వేశాక రావాలి.

మూడు నెలల గడువు అక్టోబరులో తీరింది. మర్నాడే తమ్ముడికి ఫోన్ చేసి, మూడు లక్షలు తీయొచ్చు, కావాలా అని అడిగాను. అప్పటికి వాడు మరదలి గొలుసు, గాజులు బ్యాంకులో కుదువ పెట్టి బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి, కొంచెమే. పాత అప్పుకు రెండు లక్షలు చాలన్నాడు. పంపాను. ఈ మే నెల ఇరవై ఐదు లోపల నా ఖాతా మళ్లీ నిండాలని వాడికి తెలుసు. ఆదోని మార్కెట్లో పత్తి ధర చూసి చెబుతానన్నాడు. ధర మీకు తెలిసిందే. ఇవ్వలేకపోతే ఏం చేయాలో నాకు ఇంకా తెలియదు. మా ఆవిడ తన గాజులు చూపించింది. వద్దన్నాను. మనవడికి అప్పుడే అడుగులు పడుతున్నాయి.

వాడు అదుగో, మూడో వరుసలో మూలన కూర్చున్నాడు. ఫోన్ వాడి దగ్గరే ఉంది.

నా దరఖాస్తు కాగితాల నకళ్లు ఒక సెట్టు తెచ్చాను. పెళ్లి సర్టిఫికెట్ మీద ముద్రలు ఏ వరుసలో పడాలో కూడా రాసిపెట్టాను. కావలసినవాళ్లు భోజనాల దగ్గర చూసి ఫొటో తీసుకోండి.